పేరు లేని తట్ట

గోనెగండ్ల,
ఆదివారం, ప్రార్థన అయినాక.

ప్రియమైన దేవమ్మక్కకు,

నీ చెల్లెలు కృపమ్మ రాసేది. ఫోన్లో అయితే నాకు మధ్యలో ఏడుపొస్తుంది, నువ్వు వేరే మాట ఎత్తుతావు. అందుకే కాగితం పట్టినాను.

నువ్వు బస్సులో వేసి పంపిన స్టీలు తట్టలు చేరినాయి. పిల్లల పేర్లన్నీ చెప్పమని నువ్వు ఫోన్ చేస్తే ప్రార్థనలో తలుచుకోవడానికేమో అనుకున్నాను. ఆదోని అంగట్లో ఒక్కో తట్ట మీద ఒక్కో పేరు కొట్టించడానికని తెలియలేదు. పొద్దున రాగిజావ, మాత్రలు, ఆడపిల్లలకు జడలు, సాయంత్రం మళ్ళీ మాత్రలు. ఇలా గడిచే మా హోమ్‌లో కొత్త వస్తువు వచ్చిందంటే పండగే. సంతోషంగా మధ్యాహ్నం అన్నం వాటిలోనే వడ్డించినాను.

ఐదో తరగతి చదివే హుసేనమ్మ తన పేరు చూసుకుంది. తట్ట తీసుకొని పోయి బయట చెప్పుల దగ్గర కూర్చుంది. వెనకాలే పోయి పిలిస్తే, "ఈడ గూడా నా తట్ట యేరే సేసినారా అమ్మా?" అనింది.

అమ్మానాన్న పోయినాక అవ్వ ఇంట్లో ఆ పిల్లకు తట్ట వేరు, చెంబు వేరు, కూర్చునేది వాకిలి బయట. ఇక్కడికొచ్చిన పిల్లలందరూ అలా తిని వచ్చినవాళ్ళే. అందుకే నా దగ్గర ఏ తట్ట చేతికొస్తే ఆ పూటకు అదే వాళ్ళది. అన్నీ కడిగి మళ్ళీ సంచిలో పెట్టినాను. అడుగున ఒకదాని మీద పేరే లేదు, అంగడాయన మరిచిపోయినట్టున్నాడు. దాన్ని కూడా కలిపి వెనక్కి పంపుతున్నాను.

తట్టల సంగతి నీకు తెలియక చేసినావు, పోనీ. నీ ఇంట్లో గూట్లో ఉండే గ్లాసు సంగతేంది? బావ పోయినప్పటినుంచీ చూస్తున్నాను. నేనొస్తే నీళ్ళైనా టీ అయినా అందులోనే. నేను తాగినాక కడిగి బోర్లిస్తావు, ఇంకెవరూ ముట్టరు. నాకు ఈ పిల్లల జబ్బు లేదు, ఉన్నా గ్లాసుతో అంటుకోదని నీకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఇక్కడ పాలు పోసే ఆమె గిన్నె గట్టు మీద పెట్టించి దూరం నుంచి పోస్తుంది. ఆమె పరాయిది, ఏమీ అనుకోను. నువ్వు నన్ను చంకనెత్తుకొని పెంచినదానివి. హెచ్‌ఐవీ పిల్లల కోసం ఈ హోమ్ పెట్టినాక ఒక్కసారైనా ఈ గడప తొక్కలేదు. ఇంతమంది పిల్లలున్నా నా కష్టం చెప్పుకోవడానికి ఒక్కరు లేరక్కా. చాలా ఒంటరిగా ఉంది.

క్రిస్మస్‌కు ఆదోనికి రాను. ఇంకెప్పుడూ రాను. ఆ గ్లాసు నువ్వే వాడుకో.

నీ చెల్లెలు,
కృపమ్మ


ఆదోని,
బుధవారం.

చెల్లెలు కృపమ్మకు,

అక్క దేవమ్మ రాసేది. తట్టలు, జాబు రెండూ అందినాయి. ఎప్పుడూ పక్కింటి పిల్లతో రాయించేదాన్ని. ఇది ఇంకొకరితో రాయించేది కాదు, అక్షరాలు వంకర పోయినా నేనే రాస్తాండా.

పేరు చూసుకొని పిల్లోళ్ళు మురిసిపోతారనుకుంటి. ఆ బిడ్డ బయట కూర్చుందని చదివి, అప్పుడే పేర్లు అరగదీయమని అంగట్లో ఇచ్చొచ్చినా.

ఆ గ్లాసు నిన్ను చూసి జడిసి పెట్టింది కాదు కృపా. ఈ ఇంట్లో నేను నోరు పెట్టనిది అదొక్కటే. మీ బావ లారీ తోలి తోలి తెచ్చుకున్న జబ్బు నాకూ ఇచ్చిపోయినాడు. షుగరు మాత్రలకని నెలనెలా కర్నూలు పోతాను కదా, నీ పిల్లలు మింగేవే నేనూ మింగుతాండాను. ఆదోనిలో అయితే తెలిసినోళ్ళు చూస్తారని అంత దూరం. గ్లాసుతో అంటుకోదని నువ్వు చెప్పినప్పుడల్లా నమ్మినా. నమ్మి కూడా, నీకు నీళ్ళిచ్చేటప్పుడు చెయ్యి ఆ గ్లాసుకే పోయేది.

నీ కాడికి రానిది గూడా అందుకే. మాత్రల వేళకు ఆ పిల్లల ముందర, నీ ముందర, ఎట్ల దాచుకునేది?

అడుగు తట్టకు అంగడాయన పేరు మరిచిపోలేదు. "దీనికేం పేరమ్మా?" అని అడిగినాడు. నాకు నోరు రాలేదు. అది నాకని కొనుక్కున్నది.

శనివారం తట్టలెత్తుకొని ఎమ్మిగనూరు మీదుగా నీ ఊరికొచ్చే బస్సెక్కుతా. నన్ను హుసేనమ్మ పక్కన కూర్చోబెట్టు. ఏ తట్ట చేతికొస్తే దాంట్లోనే పెట్టు.

నీ అక్క,
దేవమ్మ