నూనె తాగిన రాతినార తాడు

తమ్ముడు గంగులరెడ్డికి,

జీపు స్టార్టు చేయవద్దు. ముందు ఈ చీటీ పూర్తిగా చదువు.

ప్రొద్దుటూరులో మెకానిక్కు మౌలాలి చేసిచ్చిన పొగగొట్టాన్ని ఇంజనుకు బాగానే బిగించావు. వేడి ఆపడానికి దానికి నీవు చుట్టిన, నిప్పుకు కాలని రాతినార తాడును మాత్రం నేను కోసి తీసేశాను. బిరుసుగా ఉందని, బావిలో నీళ్లు తోడే కపిలె మోకుకు రాసినట్టు దానికి వేరుశనగ నూనె పట్టించావు. "నీళ్లలో నానబెట్టి చుట్టప్పా, నూనె మాత్రం తగలనీయొద్దు" అని మౌలాలి నా ఎదుటే చెప్పినాడు. నేను గుర్తుచేస్తే, "పుస్తకాలు చదివితే ఇంజను తెలుస్తాదా అక్కా?" అని నలుగురిలో నవ్వావు. ఈ ఉదయం ఆ తాడు ముక్కకు అగ్గిపుల్ల అంటించాను. వత్తిలాగా వెలిగింది. పెట్రోలు గొట్టం దానికి జానెడు దూరంలో ఉంది. ఆ జీపులో కూర్చోబోయేది నిండు నెలల నీ కూతురు రాజమ్మ.

నూనె తగలని మిగతా తాడు తొట్టి నీళ్లలో నానుతోంది. గొట్టానికి అంటిన నూనెను సబ్బునీళ్లతో కడుగు. ప్రతి చుట్టు ముందు చుట్టును సగం కప్పాలి. కొసలను ఇనుప తీగతో బిగించు. తరువాత బయట అరగంట ఇంజను నడుపు. తాడు నుంచి వచ్చే పొగ పూర్తిగా ఆగితేనే రాజమ్మను ఎక్కించు. ఆగకపోతే ఎద్దులబండి కట్టు.

ఆస్పత్రిలో మంచం చూసిపెట్టడానికి నేను తొలి బస్సుకు జమ్మలమడుగు పోతున్నాను.

అక్క

బిరుసు తాడు లాగి నీ ఎడమచేతికి లేచిన బొబ్బ చూశాను. గుడ్డ చుట్టుకొని పని చెయ్యి. రాజమ్మకు నూనె సంగతి చెప్పలేదు. "నాయన తోలితే నాకేం భయం అత్తా" అంటోంది. ఆ మాట నిలబెట్టు.