క్లచ్ లేని బండి

ధర్మవరం, మంగళవారం.

మా ఆయన కుర్రతనం నుంచి ఇష్టపడే జపాన్ స్పోర్ట్స్ కారు మళ్లీ వస్తోందట, కానీ క్లచ్ ఉండదట. ఫోన్‌లో ఆయన కార్ల గ్రూపంతా ఒకటే తిట్లు.

"మంచిదే కదా, మీ ఎడమకాలికి పనుండదు," అన్నాను.

"మన చీరలంగట్లో కొత్త చీరకు పాత అంచు పేరు పెట్టి మనం అమ్మల్యా? అట్లుండాది ఇది," అన్నారు.

ఆయనకు ఎడమవైపు పక్షవాతం వచ్చాక రోజూ గోడకు దిండు ఆనించి, ఎడమకాలితో నొక్కుతూ, "క్లచ్ తొక్కుతాండా, చూడు!" అనేవారు. ఆ కారు మేం కొనలేమని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ఆశతోనే లేచి నడిచారు.

సాయంత్రం దిండు తెచ్చి పెట్టాను.

"ఇంగెందుకులే," అని అటు తిరిగి పడుకున్నారు.

ఎక్కడి వస్తువు అక్కడ సర్దనిదే నాకు నిద్ర పట్టదు. దిండు మాత్రం గోడ దగ్గరే ఉంది. తీయడానికి చేతులు రాలేదు.