హారతి పళ్లెంలో బిరడా

బాతెల్, ఏప్రిల్ 27

అన్నయ్యకు,

ఈ రోజు పడవలో నీళ్లు తోడేశాం, సీట్లు ఎండబెట్టాం, లైఫ్ జాకెట్లు కడిగి ఆరేశాం. ఇంజిన్‌ని మెకానిక్‌కి చూపించడం మిగిలింది.

ఫోన్‌లో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నిన్న ఈ సీజన్‌కి మొదటిసారి పడవను సరస్సులోకి దించగానే నీళ్లొచ్చేశాయి కదా. అందరి ముందూ నువ్వు, "అడుగున బిరడా బిగించడం కూడా రాదా బావా? నా పిల్లల్ని నీ బోట్ ఎక్కించను" అన్నావు. మోకాళ్ల దాకా తడిసి, ఆయన తల దించుకుని నిలబడ్డారు.

నిన్న పొద్దున పడవకు పూజ చేసినప్పుడు తాళంచెవినీ, పడవ అడుగున నీళ్లు పోయే కన్నానికి బిగించే ఆ బిరడానూ పళ్లెంలో పెట్టి, బొట్టు పెట్టి హారతిచ్చింది నేను. తాళంచెవి ఆయన చేతికిచ్చాను, బిరడా ఇంట్లో దేవుడి దగ్గర పళ్లెంలోనే మరిచిపోయాను. "అన్నీ చెక్ చేశాను, పదండి" అని తొందరపెట్టిందీ నేనే.

ఇంటికొచ్చి చూపిస్తే ఆయన, "మీ అన్నయ్యకి చెప్పకు, నిన్నూ తిడతాడు. నాకెలాగూ అలవాటే" అని నవ్వేశారు. రాత్రి నువ్వు ఫోన్ చేసి, "మీ ఆయన్ని కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోమను" అంటే, నేను "సరే అన్నయ్యా" అన్నాను. ఆ "సరే" తలుచుకుంటే ఆయన ముఖం చూడలేకపోతున్నాను.

పిల్లల్ని పంపడం, మానడం నీ ఇష్టం. ఆయన పడ్డ మాటలు నేను పడవలసినవి. ఆ బాకీ ఈ ఉత్తరంతో చెల్లు.