అరటిబోదె

తెనాలి, బుధవారం

బావగారికి,

ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. నా గుండెనొప్పి తర్వాత మీ అమ్మాయి కావేరి, బాపట్ల కాలేజీలో తను చేసిన చవక మిషను తెచ్చి నా మంచం పక్కన పెట్టింది కదా. ఒంటికి తగలకుండానే గుండె దెబ్బలు లెక్కపెడుతుంది, ఆగితే కూత పెడుతుంది.

అలాంటిది ఇంట్లో ఉంటే నేను ఊరుకుంటానా? దూట కూరకని మీరు కొల్లూరు నుంచి పంపిన అరటిబోదెను శుక్రవారం నా మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, మీ చెల్లెల్ని హడలగొడదామని తలుపు చాటున నక్కాను. మిషను కూయలేదు. డెబ్బై రెండు చూపించింది. బోదెను దించి నేను పడుకుంటే సున్నా చూపించి కూసింది.

"చాల్లెండి మీ వేషాలు! ఆ బోదె ఇటివ్వండి, తరగాలి" అంటూ మీ చెల్లెలు కత్తిపీట ముందు కూర్చుంది. నేను మొత్తుకుంటే మీ ఇంటి ఆడపడుచు వింటుందా? మొదటి పొర కోయగానే నాకు ఎడమవైపు కలుక్కుమంది. బోదె లాక్కుని పరిగెత్తాను.

అప్పట్నుంచి దాన్ని నీళ్ల గోలెంలో నిలబెట్టి, తడి గోనె కప్పి కాపలా కాస్తున్నాను. ఇవాళ మిషను దాని ముందు పెడితే నలభై ఆరు చూపించింది.

నా వేళాకోళాలు మీకు తెలుసు. ఇది అది కాదు బావగారూ. నరికిన బోదె ఎన్నాళ్లు పచ్చిగా ఉంటుందో వెంటనే రాయండి. వద్దు, ఫోనే చెయ్యండి.

మీ చెల్లెలి మొగుడు