ఎడమ కాలి కిర్రు

మీరు నా పని పోగొట్టారు. "సైకిల్ కిర్రుమంటూ ఉంది, అందుకే పద్నాలుగో స్థానం" అని పేపరువాడితో చెప్పారు. ఆ సైకిల్ కట్టింది నేను. ప్రతి స్పోకూ, ప్రతి నట్టూ నా చేత్తో బిగించాను. నేను కట్టిన సైకిల్ చప్పుడు చెయ్యదు.

నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. పదమూడో ఏట నుంచి పాత సైకిళ్ళు విప్పి, బిగించి, మిగిలిపోయిన నట్టు ఎక్కడిదో తెలియక మళ్ళీ విప్పి నేర్చుకున్నాను. ఈ ఏడే, ఇరవై మూడో ఏట, పందెం సైకిళ్ళ బల్ల దగ్గరికి వచ్చాను. మీ ఒక్క మాటకి మా యజమాని నన్ను అక్కణ్ణుంచి లేపి, పిల్లల మూడు చక్రాల బళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. నిన్న నాలుగేళ్ళ కస్టమరు ఒకామె, తన బండి గంట సరిగ్గా మోగడం లేదని నన్ను నిలదీసింది.

ఈత కొట్టి, ఒడ్డుకొచ్చి నలభై కిలోమీటర్లు సైకిల్ తొక్కి, దిగి పది కిలోమీటర్లు పరిగెత్తే పోటీ మీది. సీజన్‌లో మొదటిది. చలికాలమంతా తిని కూర్చుని ఉంటారు. వెనకబడడానికి సవాలక్ష కారణాలుంటాయి. మీకు సైకిలే దొరికిందా?

ఫోన్‌లో అడుగుదామంటే యజమాని మీ నంబరు ఇవ్వడు. అందుకే ఉత్తరం. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు పది రోజుల్లో రాసి పంపండి.

మీ సైకిల్ కట్టిన మెకానిక్

తా.క. మా అమ్మ ఇది చదివి "కాస్త మర్యాదగా రాయరా" అంది. ఇది మూడోసారి మర్యాదగా మార్చి రాసింది.

---

మహా కోపిష్ఠి మెకానిక్ గారికి,

చలికాలమంతా తిని కూర్చోలేదండీ. తెల్లవారుజామున ఈతకొలను తాళం తీసే మనిషి కంటే ముందే గేటు దగ్గర నిలబడతాను. మధ్యాహ్నం మా ముందు గదిలో సైకిల్‌ని స్టాండుకి బిగించి మూడు గంటలు తొక్కుతాను. "ఇంత తొక్కీ గుమ్మం దాటలేదు" అంటుంది మా వదిన. సాయంత్రం పరుగు. మొదటి పోటీలో చెరువు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే, ఒడ్డుకొచ్చాక బూట్లు నా కాళ్ళకే తొడుగుతున్నానా, పక్కావిడ కాళ్ళకా అని తొంగి చూసుకోవాల్సి వచ్చింది. అదేమీ పేపరుకి చెప్పలేదు. చప్పుడు ఒక్కటే చెప్పాను. ఎందుకంటే చప్పుడు ఉంది.

ఎడమ పాదం కిందికి వెళ్ళేటప్పుడు ఒక కిర్రు. చుట్టుకొకటి. నాలుగువేల దాకా లెక్కపెట్టి మానేశాను. మా వదినకీ వినిపించింది. గది తలుపనుకుని దాని బందులకి రెండుసార్లు నూనె పోసింది.

మాట వెనక్కి తీసుకోను. సైకిల్‌ని పెట్టెలో సర్ది పార్సిల్‌లో పంపుతున్నాను. రెండో పోటీ నాలుగు వారాల్లో ఉంది. త్వరగా బాగుచెయ్యండి.

ఇట్లు,
పద్నాలుగో స్థానం

తా.క. మీ అమ్మగారికి నమస్కారాలు. మొదటిసారి రాసిన ఉత్తరం ఇంకా ఉంటే అదీ పంపండి. చదవాలని ఉంది.

---

పద్నాలుగో స్థానం గారికి,

మీ సైకిల్‌లో చప్పుడు లేదు.

భోజనం వేళల్లో విప్పాను, ఎందుకంటే మిగతా వేళల్లో నేను మూడు చక్రాల మనిషిని. బేరింగులు కడిగాను. చెయిన్ తీసి, తుడిచి, మళ్ళీ వేశాను. సీటు గొట్టం, హ్యాండిల్, చక్రాలు, దేన్నీ వదల్లేదు. కొండ రోడ్డు మీద అరవై కిలోమీటర్లు తొక్కాను. లేదు. పక్క షాపు దర్జీ బరువైన మనిషి, ఆయన్ని ఎక్కించి తొక్కించాను. నేను చెవి కిందికి పెట్టి పక్కనే పరిగెత్తాను. రెండు స్తంభాలకి గుద్దుకున్నాను. వినిపించింది దర్జీ ఆయాసం ఒక్కటే. మా యజమాని కూడా వచ్చి విని, "నిజమేరా, చప్పుడు లేదు. కానీ పేపర్లో ఉందిగా" అని నన్ను మళ్ళీ అక్కడికే పంపాడు.

సైకిల్ తిరిగి పంపుతున్నాను. రోడ్డు మీద వెళ్ళేవి రెండు, సైకిలూ, దాని మీద మనిషీ. సైకిల్ బాగుంది. మిగిలింది ఎవరో మీరే ఆలోచించుకోండి.

ఏ తప్పూ చెయ్యని మెకానిక్

తా.క. మనిషి కీళ్ళకి వేసే గ్రీజు మా దగ్గర దొరకదు.

---

తమ్ముడూ,

నువ్వు నాకంటే ఆరేళ్ళు చిన్నవాడివి, అందుకే ఇలా పిలుస్తున్నాను. నీ తా.క. చదివి నాకు నవ్వు రాలేదు. మోకాలు పట్టుకుని కూర్చున్నాను.

పోయినేడు నా ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. కుట్లు విప్పుతూ డాక్టరు, "మళ్ళీ చప్పుడు మొదలైతే పరుగు మానెయ్యాల్సిందే" అన్నాడు. పరుగులో అడుగుల మోతకి ఏమీ వినిపించదు. ఈతలో చెవుల నిండా నీళ్ళే. వినిపిస్తే సైకిల్ మీదే వినిపించాలి. పోటీలో మొదటి కిర్రు విన్నాక ఆ కాలు మీద బరువు వెయ్యలేకపోయాను. ఒంటికాలితో తొక్కినట్టే తొక్కాను. పేపరువాడు అడిగితే సైకిల్ అనేశాను. అని అని నేనే నమ్మాను. నువ్వు పంపిన సైకిల్ ఎక్కాను. మొదటి చుట్టులోనే కిర్రు.

డాక్టరు దగ్గరికి వెళ్తే మా జట్టువాళ్ళకి తెలుస్తుంది. రెండో పోటీ చూసి ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేలుస్తారు. పదకొండేళ్ళుగా ఇదే పని. నాకు ఇంకోటి రాదు.

కాబట్టి తప్పు నీదే అయి ఉండాలి. దయచేసి ఏదో ఒక తప్పు చేసి ఉండు. బాగా గుర్తుచేసుకో. సైకిల్ కట్టిన రోజు నీకు జ్వరమా? ఎవరితోనైనా గొడవపడి వచ్చావా? పోనీ, ప్రేమలో ఉన్నావా?

అక్క

తా.క. ఈ మోకాలి భయం మా వదినకి కూడా తెలియదు. చదివి చింపెయ్యి.

---

అక్కా,

అలా పిలిచేశారు కాబట్టి తిట్టడం కుదరడం లేదు. చేతులు కట్టేసినట్టుంది.

తప్పు చేసి ఉండమని నన్ను ఇంతవరకు ఎవరూ బతిమాలలేదు. మీ సైకిల్ మంగళవారం కట్టాను. జ్వరం లేదు. ప్రేమ లేదు. ఆ రోజు ఎవరితోనూ గొడవ కూడా లేదు, దానికి నాకే ఆశ్చర్యం. "తప్పు నాదే" అని రాసి పంపడం నిమిషం పని. దాంతో మీ మోకాలు బాగుపడదు కదా.

మేం చప్పుడు వెతికేటప్పుడు ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచుతాం. మీరు మనిషిని మార్చండి. సైకిల్ స్టాండు మీదే ఉండాలి. బూట్లు మీవే. ఇంకో మనిషి ఎక్కి తొక్కాలి. అప్పుడూ కిర్రుమంటే అది మీ మోకాలు కాదు. జీవితాంతం మూడు చక్రాల దగ్గర కూర్చుంటాను, సంతోషంగా. సంతోషంగా అన్నది అబద్ధం. కూర్చుంటాను.

కిర్రుమనకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జట్టు గిట్టు తర్వాత. నడవడానికైనా కాలు కావాలి.

మెకానిక్

తా.క. మీ ఉత్తరం చింపాను. మా అమ్మ ముక్కలు ఏరి అతికించబోయింది. ప్రేమలో ఉన్నానా అన్న ముక్కే ఆమెకి ముందు దొరికింది. మిగతావి కాల్చేశాను. ఇప్పుడు ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు.

---

తమ్ముడూ,

కిర్రుమంది.

మా వదిన పుట్టి బుద్ధెరిగాక సైకిల్ ఎక్కలేదు. స్టాండు మీది సైకిల్ పడదని ఒప్పించడానికి అరగంట పట్టింది. నా బూట్లు ఆవిడకి పెద్దవి, ముందు భాగంలో రుమాళ్ళు కుక్కాం. హ్యాండిల్ బదులు నా జుట్టు పట్టుకుని తొక్కింది. ఒక చుట్టు, కిర్రు. రెండో చుట్టు, కిర్రు. నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను.

"ఏమైందే? ఈ కిర్రు నా మోకాలిదా, అంత పాడైపోయిందా? దాచకుండా చెప్పు."

"నాది కాదు వదినా. నా మోకాలు కాదు."

"నీది కాదని తెలుస్తూనే ఉందిగా, తొక్కుతున్నది నేను," అంటూ ఆవిడా ఏడుపు మొదలుపెట్టింది. మా అన్నయ్య లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, ఇద్దరాడవాళ్ళనీ ఒక సైకిల్‌నీ చూసి, "ఎవరు పోయారు?" అన్నాడు.

ఆ ధైర్యంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఫోటోలు తీసి చూసి, "ఇంత మంచి మోకాలు పెట్టుకుని నా సమయం ఎందుకు తింటున్నావమ్మా" అన్నాడు. ఇంత తియ్యని తిట్టు నేనెప్పుడూ తినలేదు.

ఆదివారం రెండో పోటీ. నలభై కిలోమీటర్లూ సైకిల్ కిర్రుమంటూనే ఉంది. ప్రతి కిర్రుకీ "నాది కాదు, నాది కాదు" అనుకుంటూ రెండు కాళ్ళతోనూ తొక్కాను. ముందున్నావిడ ఆ చప్పుడేమిటా అని వెనక్కి తిరిగి చూసింది, చూస్తుండగానే దాటేశాను. మూడో స్థానం. జట్టులో ఉంచారు. పేపరువాడు వచ్చి "చప్పుడు పోయిందా?" అన్నాడు. "పోలేదు, దాని వల్లే మూడో స్థానం. ఆ మెకానిక్‌కి వెయ్యి దండాలు" అన్నాను. ఇక నీ బల్ల నీకు వచ్చేస్తుంది.

మూడో స్థానం అక్క

తా.క. మా వదిన మాత్రం మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. సైకిల్‌ది అంటే నమ్మదు. వంటా గిన్నెలూ అన్నయ్యే. ఈ సుఖం అలవాటైతే ఇక ఎప్పటికీ నమ్మదు.

---

మళ్ళీ పేపరుతో మాట్లాడారు. ఎవరు మాట్లాడమన్నారు?

సోమవారం షాపు తలుపు తీసేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒక లెక్కల మాస్టారు, ఒక పళ్ళ డాక్టరు, ఆయన బావమరిది. ముగ్గురికీ "ఆవిడ గెలిచిన సైకిల్ లాంటిది, కిర్రుమనేది" కావాలట. యజమాని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పాత బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "చప్పుడుతో కట్టు," అన్నాడు. చప్పుడు లేకుండా కట్టడం నేర్చుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మీ మోకాలి సంగతి చదివాక పానా కింద పెట్టి కాసేపు షాపు బయటికెళ్ళి నిలబడ్డాను. దాని గురించి ఇంతకంటే రాయను.

కారణం దొరికింది. పేపరు ఫోటోలో మీ పెడల్స్ చూశాను. అవి నేను బిగించినవి కావు. పందెంవాళ్ళంతా సైకిల్‌ని పెట్టెలో పెట్టేముందు సొంత పెడల్స్ విప్పి దాచుకుంటారు. నేనేమో షాపు పెడల్స్ వేసి పరీక్షించాను. అందుకే నా దగ్గర నోరు మెదపలేదు. సైకిల్ ఇంటికొచ్చాక మీవి మీరే బిగించుకున్నారు, మరకి గ్రీజు రాయకుండా, ఎండుకట్టెలా. తప్పు సైకిల్‌ది కాదు. మోకాలిది కాదు. మీ చేతిది. పెడల్స్ గురించి అడగకపోవడం నా తప్పు. అదీ పావు వంతే.

అసలు బాధ ఇప్పుడు మొదలైంది. రెండు రోజులుగా పళ్ళ డాక్టరు సైకిల్‌కి పెడల్ పొడిగా బిగిస్తున్నాను. కిర్రుమనదు. మర తుడిచాను, ఎండబెట్టాను, దుమ్ము చల్లాను. కిర్రుమనదు. నా చెయ్యి దానంతటదే సరిగ్గా బిగించేస్తోంది. యజమాని నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆవిడకి చేతనైంది, నీకు చేతకాదా?" అంటున్నాడు. ఇంత మాట నేను పుట్టాక నన్నెవరూ అనలేదు.

మీ తమ్ముడు

తా.క. మీ పెడల్‌కి గ్రీజు రాసుకోండి, కానీ ఇప్పుడే కాదు. ముందు దాన్ని ఏ చేత్తో పట్టుకున్నారు, ఎంత బలం పెట్టారు, ఎన్ని చుట్లు తిప్పారు, ఏ తప్పు తర్వాత ఏ తప్పు చేశారు, అన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా రాసి పంపండి. పళ్ళ డాక్టరు శనివారం పదింటికి వస్తాడు. శుక్రవారం టపాలో మీ జవాబు నా బల్ల మీద ఉండాలి.