రెక్కకు పెట్టిన గంజి

సూరత్, ఏప్రిల్ 2020

భూదేవీ, నీ ఫోను చెడిపోయిందని మీ చెల్లె లత చెప్పింది, అందుకే ఈ కార్డు. మా ఇద్దరికీ జ్వరం లేదు, తిండికి లోటు లేదు, దిగులు పడకు.

లాక్‌డౌన్‌తో మరమగ్గాల సాంచాలు బంద్ అయినప్పటి నుంచి మన శ్యాంసుందర్‌కు ఎగిరే బండి పిచ్చి పట్టింది. సలాబత్‌పురాలో దుకాణాలన్నీ మూసి ఉన్నా, పాత సామాను కొనేవాళ్ల ఇళ్ల తలుపులు తట్టి మోపెడ్ ఇంజిను సంపాదించాడు. దాన్ని మోసి నా నడుము పడిపోయింది. మన కుక్కర్ రబ్బరు కూడా అందులోకే పోయింది. ఇప్పుడు గిన్నెలో వండుకుంటున్నాం.

రెక్కలకు చీర గుడ్డ కట్టాడు. గాలి దూరిపోతోందంటే, నేతపని చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది, "గంజి పెట్టురా, బిర్రుగైతది" అన్నాను. పెట్టి గల్లీలో ఆరేశాం. హోటళ్లు మూతపడి ఆకలి మీదున్న ఆవు ఒకటి వచ్చి సగం రెక్క నమిలేసింది. నన్ను తిడతాడనుకున్నాను. "పర్వా లేదు బాపూ, ఇంకో గుడ్డ దేవులాడుత" అని మళ్లీ చెప్పులేసుకున్నాడు.

నువ్వు ఊరికి పోయిందే అందుకు గదా, అత్తమ్మ తుంటి నొప్పి తగ్గిందా? దండాలు చెప్పానను. చింతపండు డబ్బా ఎక్కడ పెట్టావో రాయి.

చోటు అయిపోతోంది. "గిదంతా ఎందుకురా" అని నిన్న విసుక్కున్నాను. "రైళ్లు లెవ్వు గద, అమ్మను తోలుకరావద్దా?" అన్నాడు. వెనక రెండో సీటు కడుతున్నాడు. నీ బరువెంతో అడగమన్నాడు. అది కూడా రాయి.

ఇట్లు,
రాజనర్సు