అంచులో ఉన్నవి నెమళ్లు కావు

పూణే

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు అనిత నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. ధర్మవరంలో నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ ఒకటే వాన. జొన్నరొట్టె అలవాటైంది గానీ, ప్రాణమంతా సంగటి మీదే. ఆదివారాలు మాత్రం గదిలో తోచదు, మీరందరూ గుర్తొస్తారు. నా గురించి దిగులు పడొద్దు. ఎవరైనా ఇటు వస్తే కాస్త శెనక్కాయల పొడి పంపు.

అసలు సంగతి విను. అంచులో ఉన్నవి నెమళ్లు కావన్నా, హంసలు. ఆ డిజైనుకు జకార్డు చిల్లుల అట్టలు ఇంకా కొట్టించలేదు కదా? కొట్టించొద్దు.

ఎప్పుడో చిరిగిపోయిన అమ్మ పెళ్లిచీరను ఆమెకు తెలియకుండా మళ్లీ నేస్తానని, గోడ మీది పెళ్లిఫోటోను ఫోన్‌తో తీసి పంపావు కదా. దాన్ని పెద్దది చేస్తే అంచంతా గళ్లు గళ్లుగా చెదిరిపోయింది. ఇద్దరం నెమళ్లే అనుకున్నాం. ఆ ఫోటో నెగెటివ్ మన పెట్టెలో దొరికితే పోయినసారి తెచ్చుకున్నాను. హిందూపురం స్టూడియో వాళ్లు తీసినది, అగ్గిపెట్టె కన్నా పెద్దది. నిన్న పాత ఫిల్ములు బాగుచేసే మా ల్యాబులో దాన్ని లైటు మీద పెట్టి కెమెరాతో తీశాను. ఎంత పెద్దది చేసినా సన్నటి ఇసుక చల్లినట్టు ఉందే తప్ప గీత చెదరలేదు. హంసల ముక్కులు, రెక్కల్లో పోగులు కూడా కనిపించాయి. కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను. ఫిల్మే గొప్పదంటే మా సార్ ఒప్పుకోడు, అందులో ఉన్నదాన్ని బయటికి తీసింది డిజిటల్ కెమెరాయే కదా అంటాడు. అదీ నిజమే. నువ్వు తీసింది వెలిసిపోయిన కాగితాన్ని, వాట్సాప్‌లో అది ఇంకా నలిగింది. అందుకే ఈసారి ప్రింటు పోస్టులో పంపుతున్నాను.

ఒక హంసకు కన్ను లేదు. దుమ్మేమోనని నెగెటివ్ తుడిచి మళ్లీ తీశాను, అయినా లేదు. పక్క హంస కన్ను కంప్యూటర్లో అతికించబోయి, మనసొప్పక, పెనుకొండలో అక్క దగ్గరున్న అమ్మకు ఫోన్ చేశాను. తాత నేసిన ఆ పెళ్లిచీరలో తప్పేమైనా పోయిందా అని ఊరికే అడిగినట్టు అడిగాను.

"తప్పు యాడ పోయింటాది మే? మీ తాత కావాలనే ఒగ హంసకు కన్ను పెట్లేదు. నాకు దిష్టి తగల్కూడదని" అంది.

అన్నా, అట్టలతో నేస్తే హంసలన్నిటికీ కన్ను వచ్చేస్తుంది. ఆ ఒక్కదాని దగ్గర మగ్గం ఆపి, పోగు చేత్తో తప్పించు. చీర మడత విప్పగానే అమ్మ వెతికేది దానికోసమే.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు.

మీ అందరి దీవెనలు కోరే
నీ చెల్లెలు
అనిత